ఏడో నోటుబుక్కు

మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారి సముఖానికి,
కాలువగట్టుపేట గ్రామ కాపురస్థుడు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు గుమ్మళ్ళ త్రిమూర్తులు (వయస్సు 81) రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పంచాయతీ పాత చావడి సీలు తీయించి, లోపలి బీరువాను ఒక్క పావుగంట తెరిపించుట గురించి.

1. సదరు చావడిలో ముప్పై నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం పదిమందిమి కూర్చుని నాటకాలు పైకి చదువుకుంటున్నాము. వేషాలు లేవు, మైకు లేదు. ఎవరి పాత్ర వారు నోటుబుక్కులో ఎక్కించుకుంటారు: అవతలి పాత్ర చివరి మాట, దాని కింద తన మాట. నాటకం మొత్తం ఎవరి దగ్గరా ఉండదు. అందరూ వస్తేనే నాటకం.

2. మూడు నెలల క్రితం శ్రీ చంద్రరావు గారి ఫిర్యాదుపై, కప్పు శిథిలమైనదని చావడికి సీలు వేశారు. తదుపరి అందులోనే బ్లీచింగ్ బస్తాలు పెట్టించారు. మనుషుల మీద కూలే కప్పు బస్తాల మీద కూలదని నిర్ధారించిన ఇంజనీరు గారిని చూడాలని ఉంది. ఇక ఫిర్యాదుదారు మా సభ్యులే. నాయకుడి పాత్ర కోసం పన్నెండేళ్ళు అడిగారు. ఏడవమని రాసిన చోట దగ్గుతారు. ఇవ్వలేదు.

3. ఆయన ఒకసారి తన నోటుబుక్కుతోపాటు మరో ఇద్దరివి ఇంటికి తీసుకుపోయి, వాళ్ళ మాటలు కూడా తనవిగా రాసుకొచ్చారు. అప్పటినుంచి పుస్తకాలన్నీ బీరువాలోనే ఉండాలని నిబంధన పెట్టాము. పెట్టింది నేనే. ఆ రోజు చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

4. ఇరవై రోజుల క్రితం నా భార్య రత్నమాణిక్యానికి పక్షవాతం వచ్చింది. మాటలన్నీ పోయి ఒక్క వాక్యం మిగిలింది. అది మా ఊరి కీర్తిశేషులు తాతాజీ గారి నాటకంలో ఆమె చదివే తల్లి పాత్రది: "గుమ్మంలోనే నిలబడ్డావు, ఎవరబ్బాయివి నాయనా?" దీనికి కొడుకు పాత్ర బదులు చెప్పాలి. ఆమె ఆ వాక్యం అంటుంది, ఎదురు చూస్తుంది. బదులు రాకపోతే చెంచా దగ్గరికి తెచ్చినా నోరు తెరవదు. ఆసుపత్రిలో సెలైను తీసి ఇంటికి పంపుతూ, ఇలా తినకపోతే వారానికి మించి నిలవడం కష్టమని డాక్టరు గారు అన్నారు. అది చెప్పి మూడు రోజులైంది. నాటకం అసలు ప్రతిని చెదలు తిన్నాయి. ఆ బదులు బీరువాలోని ఏడో నోటుబుక్కులో మాత్రమే ఉంది.

5. పంచాయతీ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. గుమాస్తా శ్యాంబాబు మంచివాడే.
"మాస్టారండీ, ఆన్‌లైన్‌లో నాటకం అని లేదండి. డ్రైనేజీ కింద పెట్టెయ్యమంటారా?"
"పెట్టు నాయనా, ఏదో ఒకటి."
నిన్న నా ఫోనుకు సందేశం వచ్చింది: మీ డ్రైనేజీ సమస్య పరిష్కరించబడినది.

కావున తమరు ఈ అర్జీని చిత్తగించవలెను. ఫైలు నడిపించి కాదు, తాళంచెవి తెప్పించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుమ్మళ్ళ త్రిమూర్తులు

తా.క.: పైన ఒక సంగతి దాచాను. ఆ కొడుకు పాత్ర నాదే. ఇరవై రెండేళ్ళు చదివాను. ఊళ్ళో ఎవరు ఏ పద్యం తప్పు చదివినా నిలబెట్టి దిద్దినవాణ్ణి, నా మాటే నాకు గుర్తు రావడం లేదు. "నేనేనే, త్రిమూర్తుల్ని" అన్నాను. మొహం గోడవైపు తిప్పుకుంది. నోటికొచ్చినవన్నీ చెప్పి చూశాను. అది కాదని ఆమెకు తెలుస్తోంది.

ఆఖరికి చంద్రరావు గుమ్మం కూడా ఎక్కాను. "నీ మాట నాకేం తెలుసయ్యా, నేనెప్పుడు విన్నాను? నా వంతు ఎప్పుడొస్తుందా అని చూసుకునేవాణ్ణి" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నేనూ అంతే.

పుస్తకం నా చేతికివ్వడం నిబంధనలకు విరుద్ధమైతే ఇవ్వకండి. తమరే పట్టుకుని మా ఇంటికి రండి. చిన్న మాటే, ఒక లైనుకు మించదు, అంతవరకు గుర్తుంది. గుమ్మంలో నిలబడి తమరే చదవండి. నేను చెంచా పట్టుకుని ఉంటాను.