రెండో నమూనా

తాడేపల్లిగూడెం,
18 ఆగస్టు 2024

చిరంజీవి హిమబిందుకి,

వీరవెంకటరమణ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. కైకలూరులో నువ్వూ పాపా క్షేమమని తలుస్తాను. కొట్టు జాబులు రాసి రాసి చెయ్యి తిరిగినవాణ్ణే అయినా ఈ ఉత్తరానికి నాలుగు కాగితాలు చింపాను. కోడలికి అని మొదలుపెట్టడానికి మొహం చెల్లలేదు.

ముందు మంచి కబురు. రెండో రిపోర్టు వచ్చింది. పాప మా ఫణికిరణ్ బిడ్డే. అనుమానానికి చోటు లేదని ల్యాబువాళ్ళు రాసిచ్చారు. ఆ కాగితం ఇందులోనే పెట్టాను. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు కోసం నువ్వు పెట్టిన అర్జీకి మా తరఫు సంతకం నేనే వచ్చి పెడతాను.

ఏప్రిల్‌లో నువ్వు నెల పాపను ఎత్తుకుని మా ఉల్లిపాయల కొట్టుకి వచ్చావు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి నీకు ఆ రోజే తెలిసింది. ఏలూరులో రిజిస్టరు పెళ్ళికి మీరిద్దరూ నోటీసు ఇచ్చారన్నావు. ఆ తేదీ రాకముందే మావాడు ఆకివీడు రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. పోయినవాడి పేరు చెప్పి ఎవరి బిడ్డనైనా తేవచ్చని అన్నాను. మా రక్తమని రుజువైతేనే గడప తొక్కనిస్తానన్నాను. నువ్వు ఏడవలేదు. ఆస్తి అక్కర్లేదండీ, దీనికి నాన్న పేరు కావాలండీ, పరీక్షకి ఎప్పుడు రమ్మంటారో చెప్పండీ అన్నావు. పంతులమ్మవి కదా, లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు నన్ను చూశావు.

తండ్రి లేనప్పుడు ఆయన తల్లిదండ్రుల నమూనాలతో చూడవచ్చని, ఇద్దరూ ఇస్తే మంచిదని ఏలూరు డీఎన్ఏ ల్యాబులో డాక్టరమ్మ చెప్పింది. మీ అత్తయ్య రత్నాంబ జ్వరమని పడుకుంది. నా ఒక్కడిదీ చాలదా అని రొమ్ము విరుచుకుని వెళ్ళి, బుగ్గ లోపల దూదిపుల్లతో నమూనా తీయించుకున్నాను. సంబంధం కనిపించడం లేదని రిపోర్టు వచ్చింది. ఆ రోజు ఫోనులో నిన్ను అన్న మాటలు మళ్ళీ రాయలేను. నువ్వు మాత్రం, ఎక్కడో ఏదో ఉందండీ, ఇంకోసారి చూపించండీ అన్నావు. నలభై ఏళ్ళ వ్యాపారంలో అంత నిబ్బరం నేను ఎవరిలోనూ చూడలేదు తల్లీ.

ఫోను పెట్టేసరికి రత్నాంబ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఏవండీ, ఆ పిల్లను ఇంకొక్క మాట అనకండి అంది. మర్నాడే జంగారెడ్డిగూడెం నుంచి తన చెల్లెలు కనకమహాలక్ష్మిని పిలిపించి, నాకు చెప్పకుండా ఏలూరు బస్సెక్కించింది. ఆ రెండో నమూనా కనకానిది.

ఇందులో కిటుకు డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. ఆడపిల్లకి తండ్రి నుంచి ఒక ఎక్స్ క్రోమోజోమ్ వస్తుందట. అది ఆ తండ్రికి తన తల్లి ఇచ్చిందేనట. అందుకని మనవరాలి విషయంలో నాయనమ్మ నమూనా గట్టి సాక్ష్యమట. మనిషి పోయినా వాడి గుర్తు బతికున్నవాళ్ళ ఒంట్లో దొరుకుతుందంటే ఎంత చిత్రం! ఇది కనిపెట్టిన వాళ్ళెవరో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

నాయనమ్మంటే రత్నాంబ కదా, కనకం నమూనా ఎలా సరిపోయిందని నువ్వు అడుగుతావు. ఆ సంగతి సంతకానికి పైన రాయడానికి చెయ్యి రాలేదు. కింద రాస్తున్నాను.

పాపకి నా ముద్దులు.

ఇట్లు,
నిన్ను నొప్పించినవాడు,
వీరవెంకటరమణ

తా.క. రత్నాంబ పురుడు పుట్టింట్లో జరిగింది. పురిటి మైల తీరి కబురు వచ్చేదాకా నేను వెళ్ళలేదు, మా ఆచారం అంతే. ఈలోగా మా బిడ్డ దక్కలేదు. అదే వారం, అదే ఇంట్లో కనకానికి కవలలు పుట్టారు, ఆడపిల్లా మగపిల్లవాడూ. తన భర్తను ఒప్పించి, మగబిడ్డను అక్క ఒడిలో పెట్టింది కనకం. నేను వెళ్ళి ఎత్తుకున్నది వాణ్ణే. ఇన్నేళ్ళూ ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు అబద్ధమాడలేదని చెప్పడానికి రత్నాంబ, తను వాడి కన్నతల్లి కాదని నా ముందు ఒప్పుకుంది. అప్పటి జ్వరం జ్వరం కాదు, భయం. ఇప్పుడింత ధైర్యం ఎక్కడిదే అని అడిగితే, ఆ పిల్ల నిబ్బరం చూశాక వచ్చిందండీ అంది.

మొదటి రిపోర్టు తప్పు కాదమ్మా. పాపకీ నాకూ రక్తసంబంధం లేదు. వాళ్ళ నాన్నకి నడక నేర్పింది నేనే గానీ, రుజువుకి నా దగ్గర ఏ కాగితమూ లేదు. వచ్చే ఆదివారం ఇద్దరం కైకలూరు వస్తున్నాం. రత్నాంబను లోపలికి పిలు. నేను గడప ఇవతల నిలబడతాను. నువ్వు రమ్మంటేనే తొక్కుతాను.