స్టోరు గదిలో స్విచ్

ఒరేయ్ అల్లుడూ,

నోటితో చెబుదామని రెండుసార్లు నీ గది దాకా వచ్చి వెనక్కి పోయాను. నా రాత కోడి గీకినట్టుంటుంది, ఓపిగ్గా చదువు.

ఆఫీసు మెయిళ్లు వడగట్టి లోపలికి పంపే ఆ పాత మెషీన్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని, నువ్వు దాన్ని తెచ్చి అక్కడే నేను చూసుకునే స్టోరు గదిలో పెట్టావు. మూడు రోజులు ఎక్కించావు, మూడు రోజులూ సగంలో ఆగింది. మెషీన్ ముసలిదైపోయిందని జుట్టు పీక్కున్నావు. "మామయ్యా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగావు. "నా గదిలోకి చీమ కూడా రాదు. నీకు చేతగాక నన్నంటావేంటి?" అని కసిరాను.

చీమ రాలేదు. నేనే వెళ్లాను. భోజనాల వేళ ఖాళీ గదుల్లో మెయిన్ స్విచ్ కట్టేసి, మీరొచ్చేలోపు మళ్లీ వెయ్యడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. ఇవాళ స్విచ్ కట్టెయ్యగానే మెషీన్లో గుయ్యిమనే చప్పుడు ఆగింది. మూడు రోజులూ అది సగంలో ఆగింది నా చేతి వల్లేనని అప్పుడు తెలిసింది. తెలిసినా నోరు విప్పలేదు. సాయంత్రం పెద్దాఫీసరు నీతో, తప్పు నీదేనని రాసిచ్చి రేపట్నుంచి రావద్దని అనడం తలుపు పక్కనుంచి విన్నాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. రేపు ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టు. ఇన్నేళ్లలో ఎవరి ముందూ తల వంచలేదు. రేపు ఆయన పిలిస్తే ఒక్కణ్ణీ వెళ్లలేను, భయమేస్తోంది. ఆయన గది దాకా నాతో రా. తిట్టేదేదో దారిలో తిట్టు.

నీ మేనమామ