వెంట్రుకలు లేని కుక్కపిల్ల

1968 ఆగస్టు 14, బుధవారం. కోటగిరి.

ఒంటి మీద వెంట్రుక లేకుండా పుట్టిన మా కుక్కపిల్ల మూడు రోజులుగా ఏమీ తినడం లేదు. ఈ ఉదయం నేనూ మామా దాన్ని బోధన్ పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు దాని నోరు తెరిచి, చీము పట్టిన పన్ను ఒకటి పీకేశాడు. మిగతావి చాలావరకు అసలు మొలవనే లేదట.

"మెత్తటి బువ్వ పెట్టుండ్రి. ఎండల తిప్పకుండ్రి, ఒంటికి కొబ్బరినూనె రాయుండ్రి," అన్నాడు. తర్వాత, "దీని తల్లీ తండ్రీ ఒక్క ఈతలనే పుట్టినయా?" అని అడిగాడు.

అవునన్నాను.

"దగ్గరి రక్తం కలిస్తే ఒక్కోసారి గిట్లయితది."

నా చేయి దానంతటదే కడుపు మీదికి పోయింది. నాకిప్పుడు ఐదో నెల. నేను పెళ్ళాడిన మామ అమ్మకు సొంత తమ్ముడు. మా వైపు అందరూ మేనరికాలే చేసుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. బస్సులో ఇంటిదాకా ఆ మాటే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాని అమ్మను కన్న అవ్వకు పుట్టి పోయిన ఇద్దరు పిల్లల గురించి ఎవరూ ఎన్నడూ మాట్లాడరెందుకో...

సాయంత్రం మామ అన్నం మెత్తగా పిసికి, వేలితో కుక్కపిల్ల నోటికి అందిస్తున్నాడు. ఉండబట్టలేక అడిగాను.

"మామా, మన బిడ్డకు గిట్ల ఏం కాదు గదా?"

పిచ్చిదానా అని నవ్వుతాడనుకున్నాను. తల ఎత్తలేదు.

"పొద్దటి సంది నేను గదే అనుకుంటున్న," అన్నాడు.