అన్న చెప్పిన సూది

11-6-2002
ఫల్గుణన్న కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లు చిక్కిపోయి పొట్ట మాత్రం ఉబ్బింది. సంతలో అందరిదీ ఒకటే మాట, తాగుడని. అన్న ఏళ్ల తరబడి అరకు ఘాట్‌లో జీపు తోలుతున్నాడు, జీలుగు కల్లు కూడా ముట్టడు. నేను వాళ్లతో దెబ్బలాడాను. అన్నే ఊరుకోమన్నాడు.

19-6-2002, సాయంత్రం
స్కూలుకి సెలవు పెట్టి అన్నతో వైజాగ్ వచ్చాను. స్కానింగ్ అయింది. హెపటైటిస్ బి అట. ఆ వైరస్ చప్పుడు లేకుండా లివర్‌ని పాడుచేస్తుందట. పాడైనచోటల్లా మచ్చ కట్టి లివర్ గట్టిపడుతుంది. కొందరికి అందులోనే క్యాన్సర్ పుడుతుంది. అన్నకి పుట్టేసింది. ఆపరేషన్ దశ దాటిపోయిందన్నారు.
తాగుడు వల్ల కాదు కదా అని అడిగాను. కాదన్నాడు డాక్టరు. చాలామందికి పుట్టినప్పుడే తల్లి నుంచి వస్తుందట. ఇంట్లో అందర్నీ టెస్ట్ చేయించుకోమన్నాడు.
బయటికొచ్చాక అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. తల్లి నుంచి వస్తుందన్న మాట అమ్మకి చెప్పొద్దన్నాడు.

22-6-2002
నాకూ పాజిటివ్. నాకిప్పుడు ఎనిమిదో నెల.

23-6-2002
మా ఆయన ధనుంజయ్‌కి లేదు. బిడ్డకి పుట్టిన రోజే టీకా వేస్తే చాలావరకు ఆపొచ్చట. ఆలస్యం చెయ్యొద్దన్నారు.

30-6-2002
ఈ రోగం ఎలాగొచ్చిందని అమ్మ అడిగేసింది. అన్న తడుముకోలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే, సంతలో ఒకడు అందరికీ ఒకే సూది పొడిచేవాడు కదా, దాన్నుంచే అన్నాడు.
అమ్మ, "నానే కదరా ఎత్తుకెళ్లి ఏయించినాను" అంది.
అన్న ముఖం చూడలేకపోయాను.

21-7-2002
పాప! నొప్పులు ముందే వచ్చాయి. ఇక్కడి ఆస్పత్రిలో ఆ టీకా లేదు. అన్న ఎవరికీ చెప్పకుండా వైజాగ్ వెళ్లిపోయాడు. తోలే ఓపిక లేక, జీపుని క్లీనరు గాసి చేత తోలించాడట. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. అన్నని ఇద్దరు పట్టుకుని దించారు. ఒళ్లో ఉన్న ఐసు ఫ్లాస్కు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, నర్సు చేతికే ఇచ్చాడు. సూది కొత్తదేనా అని అమ్మ నర్సుని పదేపదే అడిగింది. పాప కెవ్వుమంది. అన్న నవ్వాడు.

27-8-2002
ఫల్గుణన్న పోయాడు.

10-10-2003
పాప రిపోర్ట్ వచ్చింది. లేదన్నాను. ఏటి లేదని అమ్మ కంగారుపడింది. జబ్బమ్మా, జబ్బు లేదు.
అమ్మ పాపని చాలాసేపు ఒళ్లోంచి దించలేదు. తర్వాత అడిగింది, "నిన్నెప్పుడూ ఆ సూదోడి దగ్గిరికి తీసుకెళ్లలేదు కదే భానూ. మరి నీకెలాగొచ్చింది?"
నేను రిపోర్ట్ మడతపెట్టాను.
ఆడి మనసు కష్టపెట్టకూడదని ఇన్నాళ్లూ అడక్కుండా ఊరుకున్నానంది అమ్మ. రేపు తనకీ టెస్ట్ చేయించమంది.