వాత పెట్టినా పోని కామెర్లు

వేలూరు, 12-8-1996

జయ వదినకు రంగరాజులు నమస్కారం. అన్న ఇడ్లీ తింటున్నాడు, లేచి నడుస్తున్నాడు. చదివి వినిపించే పంకజమక్కా, గట్టిగా చదువు. వీధంతా వినాలనే కవరులో పెట్టలేదు.

"ఇంతకుముందు కామెర్లు వచ్చినాయా?" అని డాక్టరమ్మ అడిగితే అన్న మణికట్టు మీది వాత చూపి నవ్వాడు. "అది ఎప్పుడో పోయిందమ్మా. పసరు తాగి, వాత పెట్టించుకుంటిని." పోయింది పచ్చదనమే. హెపటైటిస్ బి క్రిమి పన్నెండేళ్లు రక్తంలోనే కూర్చుని కాలేయాన్ని తిన్నది. స్కానులో గడ్డ కనిపించింది. కడుపులోని బిడ్డ రక్తంలో ఉండవలసిన ఆల్ఫా ఫీటో ప్రోటీన్, నలభై ఏడేళ్ల మేస్త్రి రక్తంలో వేలల్లో ఉంది. రెండూ కలిపి చూసి క్యాన్సరేనన్నారు. వాత పెట్టినవాడికి కోడిపుంజునిచ్చి మొక్కాం, రక్తపరీక్షకు మాత్రం తీరిక లేకపోయింది. సభల్లో మూఢనమ్మకాల మీద అరిచే నేనే ఆ రోజు అన్నను సైకిలు మీద అక్కడికి తీసుకుపోయాను.

శుక్రవారం మొదటి బస్సుకు పిల్లలిద్దరినీ, కార్తిక్‌నూ సుమితనూ, తీసుకుని రా. ఈ క్రిమి రక్తంతో ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుందట, ముగ్గురికీ రక్తం చూస్తారు. క్రిమి లేనివాళ్లకు టీకా వేస్తారు. కార్తిక్ వాళ్ల నాయన బ్లేడుతో గడ్డం గీసుకోవడం ఈరోజే ఆపాలి. పేర్ణాంబట్టులో అన్న కట్టిన కొత్త ఇంటి గోడకు నీళ్లు పడుతున్నారా?

అక్కా, ఇక మెల్లగా, వదినకు మాత్రమే చదువు. ఆపరేషనుకు వీల్లేదన్నారు. "ఆ ఇంటి మిద్దె నేనే వచ్చి వేస్తానని చెప్పు రా," అంటున్నాడు అన్న. ఊరందరితో వాదించే నేను సరేనన్నాను.

పిల్లల రక్తంలో ఏ క్రిమీ ఉండకూడదు. ఈ నాస్తికుడికి తెలిసిన దీవెన ఇదొక్కటే.

రంగరాజులు