రాణికి నట్టల మందు

దిల్‌సుఖ్‌నగర్,
16 సెప్టెంబరు 2011

ప్రియమైన ముత్తమ్మకు,

ఫోనులో మొదలుపెడితే రెండో నిమిషానికే ఇద్దరం అరుచుకుంటున్నాం. నువ్వేమో పొద్దంతా తెలంగాణ సమ్మె టెంటులో కూర్చుని సాయంత్రం షెడ్డుకు వస్తావు. నేనేమో రోడ్లు మూసేలోపే తెల్లవారుజామున స్కూటరు మీద వచ్చి వెళ్లిపోతున్నాను. అందుకే ఈ ఉత్తరం దాణా డ్రమ్ములో పెడుతున్నాను. జవాబు కూడా అందులోనే పెట్టు.

పశువుల డాక్టరు సాంబమూర్తిగారు మన మూడు గుర్రాల లద్దె పరీక్ష చేయించారు. నా బాద్‌షా కడుపు నిండా నట్ట పురుగులేనట. ఈ నెలలో రెండుసార్లు కడుపునొప్పితో కింద పడి పొర్లాడు కదా, అది వీటివల్లేనట. మూడోసారి వస్తే బతుకుతాడని చెప్పలేనన్నారు. ముత్తమ్మా, గేమ్స్ టీచరుగా రిటైరయ్యాక నాకు మిగిలింది వాడూ, వాడి మీద స్వారీ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలూనే.

పెళ్లి ఊరేగింపులకు పంపే నీ గుర్రాలు రాణి, మల్లి కూడా అదే గడ్డి మేస్తున్నాయి, వాటి లద్దెలోనూ నట్టల గుడ్లు ఉన్నాయట. అందుకని మూడింటికీ ఒకే రోజు నట్టల మందు పట్టాలట. రోజూ లద్దె ఎత్తేయాలి, మూడు నెలలకోసారి మళ్లీ పరీక్ష చేయించాలి. లద్దె ఒక వారం నువ్వు ఎత్తు, ఒక వారం నేను. ఇరవై అయిదో తేదీ ఆదివారం నీకు కుదురుతుందా? మందు ట్యూబులు నేను తెస్తాను.

నీ మేలు కోరే,
దుర్గక్క


అల్మాస్‌గూడ,
17 సెప్టెంబరు

ప్రేమగల దుర్గక్కకు ముత్తమ్మ రాసేది.

ఏడో తరగతి సదువు నాది, అచ్చరాలు చూసి నవ్వకు.

ఆదివారం సాగర్ రోడ్డు మీద రాస్తారోకో ఉన్నది. నేను లేకుంటే రోడ్డు ఆగదా అంటవ్. ఆగదు! సోమవారం పెట్టుకుందాం. లద్దె ఎత్తుడు నాకు చెప్తున్నవా అక్కా? నీ మోకాళ్లు వంగుతయా అసలు? రెండు వారాలు నేనే ఎత్తుత, నువ్వు దాణా చూస్కో.

మల్లికి మందు పడుత. రాణికి మాత్రం వద్దు. దానికి వాము, ఉప్పు, యాపాకు నూరి నేనే పెడుత. ఎందుకని అడగకు జర.

బాద్‌షాకు బెల్లం ముక్క పెట్టిన, తిన్నడు. పరేషాన్ కాకు.

నీ చెల్లె,
ముత్తమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
19 సెప్టెంబరు

ప్రియమైన మొండిఘటానికి,

రెండింటికి పట్టి ఒకదాన్ని వదిలేస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. రాణి లద్దెలోంచి గుడ్లు నేల మీద పడతాయి, పిల్లపురుగులై గడ్డికి పాకుతాయి, ఆ గడ్డి బాద్‌షా తింటాడు. నీ వాముకు చచ్చే నట్టలు కావు ఇవి. డాక్టరుగారికి చెబితే తల కొట్టుకున్నారు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మందు తెచ్చేది ఆంధ్రా ఆవిడ అనేనా నీ అనుమానం? టెంటులో నీ పక్కన కూర్చునేవాళ్లు ఏమన్నా అన్నారా? తొమ్మిదేళ్లుగా మన గుర్రాలను ఒకే షెడ్డులో ఉంచుకుంటున్నాం. అదే అయితే మొహమాటం లేకుండా చెప్పు, మేత బయలుకు నడిమధ్య తాడు కట్టేద్దాం. ఇటు నావాడు, అటు నీవి.

రాస్తుంటేనే ఏడుపొస్తోంది. ఉంటాను.

దుర్గ


అల్మాస్‌గూడ,
26 సెప్టెంబరు

అక్కా,

రాష్ట్రాన్ని రెండు చెయ్యొద్దని మీరే అంటరు, మళ్ల మూడు గుర్రాల గడ్డికి తాడు కడుతనంటవ్! టెంటుల సదివి వినిపిస్తే పడి పడి నవ్వుదురు. వినిపియ్యలేదులే. నన్ను గట్ల ఎట్ల అనుకున్నవ్? మా ఆయన పోయినంక నా ఇంట్ల పొయ్యి ముట్టిచ్చింది నువ్వు. గది మరిచే మనిషినా నేను?

సరే. పొద్దుగాల నువ్వు బాద్‌షాకు పట్టి పోయినవ్, సాయంత్రం నేను రాణికి, మల్లికి పట్టిన. ఖాళీ ట్యూబులు డ్రమ్ము మీద పెట్టిన, చూస్కో. ఇగ తాడు మాట తియ్యకు.

ముత్తమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
12 అక్టోబరు

ముత్తమ్మకు,

'ప్రియమైన' అని రాయడానికి ఈవేళ చెయ్యి రావడం లేదు.

మందు పనిచేసిందో లేదో చూద్దామని డాక్టరుగారు లద్దె మళ్లీ పరీక్ష చేయించారు. బాద్‌షాది బాగుంది, మల్లిది బాగుంది. రాణిది మాత్రం మునుపటిలాగే ఉంది. మందు పడితే అలా ఉండదన్నారు. అంటే నువ్వు పట్టలేదు. ఖాళీ ట్యూబు చూపించి నాకు అబద్ధం చెప్పావు.

నా మీద నమ్మకం లేకపోతే పోనీ. వాడేం పాపం చేశాడు? ఇప్పుడిప్పుడే కాస్త కండ పడుతున్నాడు. నాదర్‌గుల్‌లో విమానాల బయలు వెనక ఒక కొట్టం కిరాయికి ఉందట. శనివారం వాణ్ని అక్కడికి తీసుకుపోతాను. ఇది కోపం కాదు ముత్తమ్మా. వాడు బతకాలి.

దుర్గ


అల్మాస్‌గూడ,
13 అక్టోబరు

అక్కా,

నాదర్‌గుల్ పోకు. ముందు గిది సదువు.

అబద్ధమే చెప్పిన. రాణి ట్యూబు మోరీల పిసికి పారేసిన. రాణి సూడి మీద ఉన్నది. ఏడు నెలలు నిండినయ్. గడ్డి తిని బలిసింది అని నువ్వు అంటుంటే ఊకున్న.

మా ఆయన ఉన్నప్పుడు, నువ్వు ఇంకా షెడ్డుకు రాకముందు, సుల్తానా అని ఇంకో గుర్రం ఉండె. అది సూడితో ఉంటే ఎవరో చెప్పిన్రని నట్టల పొడి తాపినం. మూడొద్దులకు, నెలలు నిండకముందే పిల్ల ఈసుకపోయింది, వారం తిరగకముందే తల్లీ పోయింది. గా పొడి కలిపింది నేనే అక్కా, ఈ చేతులతోటే. మా ఆయన సచ్చేదాక ఒక్క మాట అనలే. గానీ మళ్ల ఏ గుర్రానికీ నన్ను దాణా కలపనియ్యలే.

మరి గీ ముచ్చట నీకెందుకు చెప్పలేదంటవ్. మార్చిల టాంక్‌బండ్ మార్చ్ అయిన నాడు రోడ్లు మూసి నువ్వు రాలేకపోతివి, మూడింటిని నేనే చూసుకున్న. మార్చ్‌కు పోయే తొందరల బాద్‌షా గొలుసు సక్కగ కట్టలే. వాణ్ని ఎడంగ కట్టమని వందసార్లు చెప్పినవ్. తిరిగొచ్చే సరికి వాడు రాణి దగ్గర ఉన్నడు. దాని కడుపుల ఉన్నది నీ బాద్‌షా పిల్లనే. తప్పు నాది, ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?

ఇయ్యాల డాక్టర్ సార్ దగ్గరికి నడుచుకుంట పోయిన. సారు వచ్చి రాణి కడుపు మీద చెయ్యి పెట్టి చూసిండు. గీ మందు సూడి గుర్రానికి పట్టొచ్చట, అప్పటి పొడి వేరే అట. నమ్మిన. అయినా సారు ఇచ్చిన ట్యూబు మూత తీసి మళ్ల పెట్టేసిన అక్కా.

నీ మొఖం చూసుకుంట చెప్పలేక రాసిన. ఇది సదివి పోకు, షెడ్డులనే కూసో. రేపు టెంటుకు పోను, సారును తోల్కొని తొమ్మిదింటికి వస్త. మందు నువ్వే పట్టు. నేను రాణి తల పట్టుకుంట.

ఇంకొక్క మాట. రాణికి గాని, పిల్లకు గాని రేపు ఏమన్న అయితే, ఆంధ్రామె మందు పెట్టి సంపిందని ఊర్లె అంటరు. దినాలు గట్లున్నయి. గందుకే ఈ కాగితం నీ దగ్గర దాసిపెట్టుకో. మందు పట్టమన్నది నేను. ఏమయినా అక్క తప్పు కాదు. ఎవలన్న అడిగితే గిది చూపియ్యి. కింద పేరు మొత్తం రాసి వేలిముద్ర గూడ పెట్టిన.

బొల్లెపల్లి ముత్తమ్మ