మూడోసారి అడగాలి

విల్లో ప్రెయిరీ, మిన్నెసోటా
ఆగస్టు 12

కాలేజీ ఆఫీసు వారికి,
అర్విడ్ హౌగెన్ నమస్కారాలు.

దాణా కొట్టు గోడ మీద మీ కాగితం చూశాను. పెద్దవయసు వాళ్ళు, సీటు మిగిలితే, ఫీజు లేకుండా చదువుకోవచ్చని ఉంది. నాకు డెబ్బై ఆరు. మా ఊరి బడిలో ఎనిమిది వరకు చదివాను. తర్వాత ఆవులు. ఇప్పుడు ఆవులు లేవు.

వంట, చరిత్ర, ఆరోగ్యశాస్త్రం అని రాశారు. నాకు వంట. వీలైతేనే. వీలుకాకపోయినా ఏమీ అనుకోను. ఫోను చేద్దామనుకున్నాను గాని, ఫోనులో నాకు మాట రాదు.

ఇట్లు,
మీకు పని పెట్టినందుకు సిగ్గుపడుతూ,
అర్విడ్ హౌగెన్

తా.క.: నా భార్య ఎల్నా పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళంతా గిన్నెల్లో వండి తెచ్చారు. మా అక్క అన్నీ నింపి తిరిగిచ్చి, అరిజోనా వెళ్ళిపోయింది. నీలం మూత గిన్నె ఒకటి మిగిలిపోయింది. చర్చిలో నా ముందు వరసలో కూర్చునే ఆవిడది. పేరు రాస్తే బాగుండదు. రెండేళ్ళయింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా. కొట్లో ఆవిడ కనబడితే బంగాళాదుంపల బస్తాల వెనక్కి పోతున్నాను. నవంబరులో చర్చి విందుకి కాఫీ పోసే పని మా ఇద్దరికీ కలిపి వేశారు. అక్కడ బస్తాలు ఉండవు.

---

ఆగస్టు 16

ప్రియమైన హౌగెన్ గారికి,

మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం ఎగిరి గంతేశాం! ఈ కాలేజీకి చేత్తో రాసిన ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు. అన్నట్టు, వంట తరగతిలో సరిగ్గా ఒక్కటంటే ఒక్క సీటు ఉంది! మీకోసమే మిగిలినట్టుంది. వేసేయనా? ఒక్క మాట రాయండి చాలు!

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మారిసెలా ట్రెవినో, చేరికల విభాగం

తా.క.: నేను టెక్సాస్ నుంచి వచ్చి నెలే అయింది. ఇక్కడివాళ్ళు ఎంత మంచివాళ్ళో! కానీ ఆకలే ఉండదనుకుంటా. నిన్న మా వైపు తమాలేలు, మొక్కజొన్న పిండిలో మాంసం కూరి ఆవిరి మీద ఉడికించేవి, చేసి పట్టుకొచ్చి "తింటారా?" అని అడిగాను. అందరూ వద్దన్నారు. మొత్తం డబ్బా నేనే ఖాళీ చేశాను.

---

ఆగస్టు 20

మారిసెలా గారికి,

అబ్బే, నాకెందుకమ్మా. బతుకుతెరువు కోసం నేర్చుకునేవాళ్ళు ఉంటారు. ఆ సీటు వాళ్ళకివ్వండి. నేను ఎలాగో సర్దుకుంటాను.

ఇట్లు,
అర్విడ్ హౌగెన్

తా.క.: ఏప్రాను కొన్నాను. నీలం రంగుది.

---

ఆగస్టు 24

ప్రియమైన హౌగెన్ గారికి,

మీది ఎంత వెన్నలాంటి మనసండీ! మీరన్నట్టే ఆ సీటు వేరేవాళ్ళకు ఇచ్చేశాను. మీ వెనకే వరసలో ఒకావిడ ఉంది. ఫోను చేస్తే, నేను అడగడం పూర్తి కాకముందే "ఆఁ, ఆఁ, చేరతాను" అంది. ఊళ్ళో ఎవరికీ తన పేరు చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది.

అయినా మిమ్మల్ని ఊరికే వదులుతానా? చరిత్ర తరగతిలో బోలెడు ఖాళీ ఉంది. వేసేశాను! బుధవారం సాయంత్రం వచ్చేయండి!

ఇట్లు,
మీ మంచితనానికి పొంగిపోతూ,
మారిసెలా

తా.క.: ఏప్రాను ఎందుకండీ? చరిత్రకు అక్కర్లేదు.

---

సెప్టెంబరు 19

మారిసెలా గారికి,

సీటు ఇచ్చేశారని తెలిసింది. పరవాలేదు.

చరిత్ర తరగతికి వెళుతున్నాను. వేరుగా ఉంది. మొదటిరోజు మేష్టారు ఒక పాత యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టి, ఇదేమిటో ఎవరికైనా తెలుసా అన్నారు. పాల మీగడ తీసేది. నేను చెయ్యెత్తలేదు. తల దించుకున్నాను. అక్కడే దొరికిపోయాను. ఇప్పుడు ప్రతి బుధవారం ఆ యంత్రం పక్కన నాకూ ఒక కుర్చీ వేస్తున్నారు. పిల్లలు ముందు దాని హేండిలు తిప్పి చూస్తారు. తర్వాత నా దగ్గరికి వస్తారు.

చెప్పుకోవడానికి బాధేమీ లేదు. పాఠం అయ్యాక యంత్రానికి గుడ్డ కప్పుతారు. నాకు కప్పరు.

ఇట్లు,
చరిత్రలో ఉన్న,
అర్విడ్ హౌగెన్

తా.క.: పరీక్ష పెట్టారు. రెండో ప్రశ్న: "అర్విడ్ హౌగెన్ వంటి చిన్న రైతు జీవితంలో వచ్చిన మార్పులను వివరింపుము." నాకు ఇరవైకి ఆరు వచ్చాయి. ఆధారాలు చూపలేదట.

---

సెప్టెంబరు 23

ప్రియమైన హౌగెన్ గారికి,

చరిత్ర మీకు ఇంతగా నచ్చుతుందని నేననుకోలేదు సుమండీ! మేష్టారు కూడా మిమ్మల్ని వదలనంటున్నారు!

ఇంకో సంగతి. వంటకి రాత్రి తరగతి ఒకటి కొత్తగా తెరిచారు. మిమ్మల్ని మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టలేదు లెండి, ఒకసారి వద్దన్నారుగా. వద్దన్న మాటకు విలువివ్వాలని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. దానికి బదులు ఆరోగ్యశాస్త్రంలో మీ పేరు వేశాను! శుక్రవారాలు!

ఇట్లు,
మీ చదువు చూసి మురిసిపోతున్న,
మారిసెలా

తా.క.: పోయినవారం ఆఫీసుకు కేకు పట్టుకొచ్చాను. "తింటారా?" అన్నాను. ఎవరూ ముట్టలేదు. నా వంటే బాగోదేమోనని బెంగగా ఉంది.

---

అక్టోబరు 7

మారిసెలా గారికి,

శుక్రవారం వెళ్ళాను. కుర్చీలన్నీ నిండాయి. గోడవారగా ఒక మంచం ఖాళీగా ఉంటే దానిమీద కూర్చున్నాను. టీచరమ్మ వచ్చి, "మీరేనా ఇవాళ్టి రోగి? పడుకోండి మరి" అంది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. పడుకున్నాను.

నర్సు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నా రక్తపోటు చూశారు. మొదటి అమ్మాయికి బాగానే ఉంది. చివరి అమ్మాయికి వచ్చేసరికి నాకు నిజంగానే పెరిగింది. తలకు కట్టు కట్టారు. చెయ్యి మెళ్ళో వేలాడదీశారు. మనిషి ఉండగానే మంచం మీద దుప్పటి ఎలా మార్చాలో నేర్చుకున్నారు. గంట కొట్టగానే అందరూ వెళ్ళిపోయారు. కట్లు విప్పమని అడగడం బాగుండదని అలాగే కారు నడుపుకుంటూ వచ్చేశాను.

దారిలో పాలకోసం కొట్లో ఆగాను. నీలం మూత గిన్నె ఆవిడ ఉంది. తెల్లటి కట్టు కట్టిన తలతో బస్తాల వెనక దాక్కోవడం కుదరలేదు. నన్ను చూసి "అయ్యో దేవుడా" అంది. నేను తల ఊపాను. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో ఆవిడదే ఇంకో గిన్నె ఉంది. నిండుగా.

ఇప్పుడు రెండు.

ఇట్లు,
మునిగిపోతున్న,
అర్విడ్ హౌగెన్

తా.క.: మొదటి గిన్నెలోది ఎంతో నున్నగా, తీరుగా ఉండింది. ఇందులోది పైన బొగ్గు, లోపల బంగాళాదుంప పచ్చి. ఆవిడకు కంటిచూపు తగ్గిందేమో పాపం. మొత్తం తిన్నాను.

---

అక్టోబరు 10

ప్రియమైన అర్విడ్ గారూ,

మీ ఉత్తరం పట్టుకుని మా బెర్నీస్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఈ ఊరి మనిషి, ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. మన ఉత్తరాలన్నీ చదివి, బల్ల మీద తలపెట్టి నవ్వింది.

"ఓసి పిచ్చిపిల్లా! ఆయనకు వంట నేర్చుకోవాలని ప్రాణం కొట్టుకుంటోందే!"

"వద్దన్నారుగా!"

"అది మొదటి వద్దు. ఇక్కడ మొదటి వద్దంటే మర్యాద. రెండో వద్దంటే మొహమాటం. మూడోసారి అడిగితేనే మనిషి సరే అంటాడు. నీ తమాలేల కోసం ఇక్కడ ఎంతమందిమి నోరూరుతూ కూర్చున్నామో తెలుసా? నువ్వు ఒక్కసారి అడిగి డబ్బా మూసేశావు!"

అర్విడ్ గారూ, రాత్రి తరగతిలో ఒకతను మానేశాడు. అందుకని అడుగుతున్నాను:

వంట తరగతిలో చేరతారా? (వద్దన్నారు. విన్నాను.)

పోనీ, చేరకూడదూ? (మళ్ళీ వద్దన్నారు. విన్నాను.)

అర్విడ్ గారూ, మీరు చేరితీరాలి!

ఇట్లు,
ఊపిరి బిగబట్టి,
మారిసెలా

తా.క.: ఇవాళ తమాలేలు మూడుసార్లు అడిగాను. డబ్బా ఖాళీ. నాకు ఒక్కటీ మిగల్లేదు!

---

నవంబరు 4

మారిసెలా గారికి,

మీరు అంతగా అడుగుతున్నారు కాబట్టి సరేనన్నాను. ఏప్రాను కట్టుకున్నాను.

వంట మేష్టారు గట్టిగా అరుస్తారు. నా మీద మాత్రం అరవలేదు. ఎవరూ చెప్పకుండానే గిన్నెలన్నీ కడుగుతానని. తెల్ల సాసు రెండుసార్లు ఉండకట్టింది. మూడోసారి కట్టలేదు. ఇంటికొచ్చాక కూడా నవ్వొస్తూనే ఉంది. మాంసం ఖీమా, బఠాణీ, పైన బంగాళాదుంప వేసి పొయ్యిలో పెట్టే మన హాట్‌డిష్ ఇప్పుడు నాకు వచ్చు. ఒక గిన్నెలో అది, రెండోదాంట్లో ఆపిల్ పళ్ళు కాల్చి నింపి, నిన్న ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇక పేరు రాయకపోతే మర్యాద కాదు. సోల్వెగ్ రస్ముస్సెన్.

తలుపు తీసింది. గిన్నెలు అందించబోయాను. "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ, వద్దు" అంది.

మీ ఉత్తరాలు చదివి చదివి మీ పద్ధతి నాకు పట్టినట్టుంది. వద్దన్న మాటకు విలువివ్వాలని మీ అమ్మగారు చెప్పింది గుర్తొచ్చింది. "సరేనండీ" అని గిన్నెలతో కారెక్కేశాను. అద్దంలో చూస్తే ఆవిడ ఇంకా చేతులు చాచి గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇట్లు,
రెండు నిండు గిన్నెలతో,
అర్విడ్ హౌగెన్

తా.క.: హాట్‌డిష్ నేనే తిన్నాను. బాగుంది. అందుకే ఎక్కువ బాధేసింది.

---

నవంబరు 6, అర్జంటు

అర్విడ్ గారూ!

నమస్కారాలకు టైము లేదు. వెనక్కి వెళ్ళండి! అది మొదటి వద్దు! ఇంకా రెండు ఉన్నాయి! మీ ఊరి పద్ధతి టెక్సాస్ పిల్ల మీకు చెప్పాలా?

మారిసెలా

తా.క.: ఆవిడ పేరు చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకో చెప్పలేను. ఒట్టు వేశాను. వెళ్ళండి!

---

నవంబరు 15

మారిసెలా అమ్మకు,

మళ్ళీ వండాను. మళ్ళీ వెళ్ళాను.

వద్దంది. నిలబడ్డాను. వద్దంది. అయినా నిలబడ్డాను. మూడోసారి "తీసుకోండి" అన్నాను. గొంతు కొంచెం పెద్దదైంది. ఆవిడ గిన్నెలు రెండూ గుండెకు హత్తుకుని లోపలికి రమ్మంది. ఒక ముద్ద తిని, చెంచా కింద పెట్టేసింది.

"అర్విడ్ గారూ, మీతో ఒక మాట చెప్పాలి. ఎల్నా పోయినప్పుడు నేను తెచ్చింది నేను వండింది కాదు. పక్క ఊళ్ళో కొని నా గిన్నెలోకి మార్చాను. మా ఇంట్లో వంట ఎప్పుడూ మా ఆయనదే. ఊళ్ళో అందరూ నాదనుకున్నారు. ఆయన పోయాక చెప్పడానికి నోరు రాలేదు."

నేను రెండో గిన్నె ఆవిడ ముందుకు జరిపాను.

"గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఎలా చేశారని అడుగుతారేమోనని రెండేళ్ళుగా హడలిపోతున్నాను. కొట్లో మీరు కనబడితే ఉల్లిపాయల బస్తాల వెనక్కి పోయేదాన్ని."

"నేను బంగాళాదుంపల వెనక" అన్నాను.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

"ఇలా ఎన్నాళ్ళని కాలేజీలో వంటకి పేరిచ్చాను. సీట్లు లేవన్నారు. ఆగస్టులో ఎవరో మహానుభావుడు తన సీటు వదిలేశాడట. ఫోను రాగానే, ఎక్కడ చేజారుతుందోనని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్కసారి అడిగితే ఒప్పేసుకున్నాను. మీ తలకట్టు చూసి పంపిన గిన్నె, నా చేత్తో నేను వండిన మొదటి గిన్నె. ఎలా ఉంది?"

"వేరుగా ఉంది" అన్నాను.

సీటు సంగతి చెప్పలేదు. చెవులు ఎర్రబడ్డాయి, అవే చెప్పేశాయి.

నిన్న చర్చి విందులో కలిసి కాఫీ పోశాం. ఒక్క చుక్క కింద పడలేదు. గిన్నెలు కడుగుతూ ఆవిడ అంది, "జనవరిలో రొట్టెల తరగతి ఉందట. కలిసి వెళదామా?"

"వెళదాం" అన్నాను.

ఇంకో రెండుసార్లు అడగడానికి నోరు తెరిచి ఉంచింది పాపం. అలాగే ఉండిపోయింది.

మాకు రెండు సీట్లు వేయండి. మూడుసార్లు అడగనక్కర్లేదు.

ఇట్లు,
తొందరలో ఉన్న,
అర్విడ్

తా.క.: చరిత్ర పరీక్ష కాగితం సోల్వెగ్‌కి చూపించాను. నా గురించిన రెండో ప్రశ్నకు వంటింటి బల్ల దగ్గర కూర్చుని జవాబు రాసింది. మేష్టారికి ఇచ్చాను. ఇరవైకి ఇరవై వేశారు.